మండలానికి ఒక పూర్తికాలపు విద్యాధికారిని ఇవ్వండి: రాష్ట్ర విద్యాశాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రజాప్రతినిధులకు,

నమస్కారం.

నేను ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా (హెచ్‌ఎం) పనిచేస్తూ, దేవరకొండ ప్రాంతంలో మండల విద్యాధికారి (ఎంఈఓ) బాధ్యతను కూడా అదనంగా మోసి, పదవీ విరమణ చేసినవాడిని. ఇక్కడ రాస్తున్న విషయాలను సర్వీసులో ఉండగానే పద్ధతి ప్రకారం పై కార్యాలయాలకు రాతపూర్వకంగా విన్నవించాను. రిటైరైన తర్వాత, ఇప్పటికీ ఇన్‌చార్జి ఎంఈఓలుగా కొనసాగుతున్న తోటివారి తరఫున మరోసారి వినతిపత్రం ఇచ్చాను. అందినట్టు ముద్ర వేసిన కాపీ తప్ప ఇంతవరకూ ఏ జవాబూ చేతికి రాలేదు. అందుకే అదే విన్నపాన్ని ఇప్పుడు నలుగురి ముందు పెడుతున్నాను. ఏ ఒక్క అధికారినీ వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. ఇది ఒకరి నిర్లక్ష్యంతో వచ్చిన ఇబ్బంది కాదు, ఏళ్ల తరబడి అందరూ సర్దుకుపోవడం వల్ల గట్టిపడిన ఇబ్బంది.

విషయం సూటిగా చెబుతాను. మా మండలాల్లో బడులను తనిఖీ చేయవలసిన అధికారి కాగితం మీద ఉన్నాడు గాని బడిలో కనిపించడు. కనిపించకపోవడం అతని తప్పు కాదు. అదే గంటకు అతడు మరో ఊళ్లో ప్రధానోపాధ్యాయుడిగా కూర్చుని ఉండాలి కాబట్టి రాలేడు. రాగలిగిన రోజున కూడా అతని చేతిలో ఉండేది పిల్లల నోటుపుస్తకం కాదు, ఫోను.

ఈ స్థితి ఎలా వచ్చిందో మీకు తెలియనిది కాదు, అయినా చదివే తల్లిదండ్రుల కోసం రెండు మాటలు చెప్పాలి. 1959లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో ఉమ్మడి రాష్ట్రపు పంచాయతీరాజ్‌కు శ్రీకారం చుట్టారు. ఆ వ్యవస్థ కింద ఊరి బడులు పంచాయతీ సమితుల చేతికి వెళ్లాయి. అప్పటినుంచి ఒకే పాఠం చెప్పే ఉపాధ్యాయులు ప్రభుత్వ యాజమాన్యం, స్థానిక సంస్థల యాజమాన్యం అనే రెండు వరుసల్లో నిలబడ్డారు. 1985లో మండలాలు ఏర్పడి, ఆ తర్వాత మండల విద్యాధికారి పోస్టు వచ్చాక, ఆ కుర్చీలో ఏ వరుసవారు కూర్చోవాలన్న తగువు మొదలైంది. రెండు వరుసలకూ కలిపి పెట్టే ఉమ్మడి సర్వీసు నిబంధనలకు 2017లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి, 2018లో ఉమ్మడి హైకోర్టు వాటిని కొట్టివేసింది. అంతకుముందే 2016లో జిల్లాలను విడగొట్టినప్పుడు మా వైపు నేరేడుగొమ్ము, కొండమల్లేపల్లి, అడవిదేవులపల్లి, పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు పదర, కేటీ దొడ్డి వంటి కొత్త మండలాలు పుట్టాయి. మండలాలు పెరిగాయి, రెగ్యులర్ ఎంఈఓలు ఒక్కొక్కరే రిటైరవుతూ పోయారు. ఖాళీ అయిన ప్రతి కుర్చీనీ దగ్గరలోని ఉన్నత పాఠశాల హెచ్‌ఎంకు పూర్తి అదనపు బాధ్యత పేరుతో అప్పగిస్తూ వచ్చారు. తగువులో ఎవరి వాదన న్యాయమో తేల్చడానికి నేను ఈ లేఖ రాయడం లేదు. రెండు పక్షాల్లోనూ నాకు మిత్రులున్నారు, ఇరువురూ నాతో మాట్లాడటం మానేస్తారన్న భయమూ ఉంది. కానీ తగువు తేలేదాకా బడులు ఆగాలనడం మాత్రం అన్యాయం. దీనివల్ల సామాన్యులకు జరుగుతున్న నష్టాన్ని వరుసగా మీ ముందు పెడుతున్నాను.

1. ఇన్‌చార్జి ఎంఈఓ అనే ఏర్పాటు ఒకేసారి రెండు చోట్ల దెబ్బ తీస్తోంది. ఉన్నత పాఠశాల హెచ్‌ఎం వారంలో సగం రోజులు సమావేశాలకో, మండల వనరుల కేంద్రానికో, జిల్లా కేంద్రానికో వెళితే, అతని సొంత బడిలో పదో తరగతి ప్రత్యేక తరగతులు, క్రమశిక్షణ, వంట గది, నిధుల లెక్క అన్నీ ఒక సీనియర్ స్కూల్ అసిస్టెంట్ మెడకు చుట్టుకుంటాయి. ఆ స్కూల్ అసిస్టెంట్‌కు బాధ్యత ఉంటుంది, అధికారం ఉండదు. అతడు చెప్పవలసిన లెక్కల పాఠమో సైన్సు పాఠమో ఆ పీరియడ్‌లో జరగదు. ప్రాథమిక బడుల సంగతి సరేసరి. చందంపేట, నేరేడుగొమ్ము మండలాల్లో కృష్ణా తీరపు తండాలకు వెళ్లి రావడానికే పూట గడుస్తుంది. అచ్చంపేట దాటి అమ్రాబాద్ అడవిలోని చెంచుల ఆవాసాలైన పెంటలకు వెళ్లాలంటే ఒక రోజు కేటాయించుకోవాలి. రెండు కుర్చీల మనిషికి ఆ రోజు దొరకదు. కాబట్టి రోడ్డు పక్కన ఉన్న బడికే మళ్లీ మళ్లీ తనిఖీ జరుగుతుంది, ఎక్కువ అవసరమున్న బడికి ఏడాది పొడుగునా ఎవరూ వెళ్లరు. పెట్రోలు ఖర్చు ఎవరి జేబులోంచి పోతుందో అడగకండి.

2. ఇక తనిఖీ జరిగిన రోజున జరిగేది ఏమిటి? ఈ ఒక్క విషయం మీద కాస్త ఎక్కువగా రాయనివ్వండి, ఎందుకంటే మిగతావన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

మూడో తరగతి పాప పుస్తకం తెరిచి పాఠమంతా గడగడా అప్పజెబుతుంది. వచ్చినవారికి ముచ్చటేస్తుంది. కొంచెం దగ్గరికి జరిగి చూస్తే, పాప వేలు మొదటి వరుస మీదే ఉంటుంది, గొంతు మాత్రం మూడో వరుస దాటిపోయి ఉంటుంది. పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ‘ఇది చదువు తల్లీ’ అంటే, పాప పుస్తకం వైపు కాకుండా టీచరమ్మ ముఖం వైపు చూస్తుంది. పాఠం నోటికి వచ్చింది గాని అక్షరం రాలేదు. ఆ పాప గుణింతం దగ్గర ఆగిందా, ఒత్తుల దగ్గర ఆగిందా, ఇంట్లో లంబాడీ మాట్లాడే బిడ్డకు ఆ తెలుగు మాటే కొత్తదా అని తెలుసుకోవాలంటే కింద చాప మీద కూర్చుని పావుగంట గడపాలి. లెక్కలోనూ అంతే. 402 లోంచి 178 తీసివేయమంటే 376 అని రాసిన పిల్లవాడికి లెక్క రాదని గుండు సున్నా చుట్టడం తేలిక. వాడు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను శ్రద్ధగానే తీసేశాడు, సున్నా దగ్గర పక్క ఇంటి నుంచి పది అప్పు తెచ్చుకోవాలని ఎవరూ వాడి చేత పుల్లల కట్టలతో చేయించలేదు. ఇది గమనించి, ఆ రోజే ఆ టీచరుతో తరగతి గదిలోనే మాట్లాడి, వీలైతే తానే ఒక పాఠం చెప్పి చూపించి, నెల తర్వాత అదే పిల్లవాడి పలక మళ్లీ చూసేవాడిని మా తరం తనిఖీ అధికారి అనేది.

ఇప్పటి తనిఖీ నమూనా ఫారంలో ఈ పిల్లవాడికి గడి లేదు. మరుగుదొడ్లు ఎన్ని, అందులో నీళ్లొచ్చేవి ఎన్ని, హాజరు ఎంత, గుడ్డు పెట్టారా, యూనిఫాం రెండు జతలూ అందాయా, బడి బోర్డు కనిపించేలా ఫొటో తీశారా అన్నవి నింపాలి. ఇవి అనవసరమని నేను అనడం లేదు. ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేకపోతే అది చదువు సమస్యే. కానీ వీటిని నింపి, సిగ్నల్ కోసం గుట్ట మీదికో రోడ్డు మీదికో నడిచి, అప్‌లోడ్ అయిందన్న ఆకుపచ్చ గుర్తు కోసం ఎదురుచూసేసరికి అధికారి సమయం అయిపోతుంది. అతడు ఆ బడిలో తరగతి గది గడప దాటాడా లేదా అన్నది పై స్థాయి సమీక్షలో ఎవరూ అడగరు. ఎన్ని బడులు ‘కవర్’ అయ్యాయో అడుగుతారు. 2022 ఆగస్టు 15న తొలిమెట్టు కార్యక్రమం ప్రారంభించినప్పుడు ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు రావాలన్న సంకల్పం సరైనదే, బడి, కాంప్లెక్స్ (కొన్ని బడుల సముదాయం), మండల స్థాయిల్లో నెలనెలా సమీక్ష పెట్టడమూ సరైనదే. ఆ సమీక్షకు తెచ్చే అంకెలను తరగతి గదిలో సరిచూసే మనిషి లేనప్పుడు, ప్రతి నెలా కాస్త మెరుగైన అంకెలు వాటంతటవే పుట్టుకొస్తాయి. పై అధికారికి చేదు కబురు చెప్పి మెమో తీసుకోవడం ఎవరికి మాత్రం ఇష్టం?

3. మా జిల్లాల్లో హాజరు పట్టిక ఒక్కటే చూసి బడిని అర్థం చేసుకోలేము. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాల్లో అట్టడుగు. దానికి కారణాలు బడి బయటే ఎక్కువ. గద్వాల వైపు గట్టు, మల్దకల్, ధరూర్, అయిజ ప్రాంతాల్లో సీడ్ పత్తి క్రాసింగ్ (విత్తనాల కోసం పూలకు చేతితో పరాగం అద్దే పని) మొదలైతే పొద్దున్నే పూత మీద చేసే ఆ పనికి చిన్న చేతులను వెతుక్కుంటారు. పాలమూరు నుంచి పుణె, ముంబయి, బెంగళూరు వలస వెళ్లే కుటుంబాలు పిల్లలను అవ్వ దగ్గర వదిలి వెళతాయి, లేదా వెంట తీసుకుపోతాయి. వలస పిల్లలకు సీజనల్ హాస్టల్ ఎక్కడ, ఏ నెలలో తెరవాలో, ఏ తండా నుంచి ఎందరు వెళ్లబోతున్నారో దసరాకు ముందే తెలిసి ఉండవలసినవాడు మండల విద్యాధికారి. ఆ సంగతి బస్టాండులో టీ కొట్టతనికి తెలుస్తుంది, మాకు తెలియదు. ఎందుకంటే మేము ఆ వారం వేరే నివేదిక పంపుతూ ఉంటాము. నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలో కన్నడ మాట్లాడే ఊళ్ల బడులను చూడవలసిన అధికారికి కన్నడ తెలిసి ఉండాలన్న ఆలోచన కూడా నియామకాల్లో కనిపించదు.

4. 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరులో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు ఆసుపత్రి పాలైన తర్వాత వంటగదుల తనిఖీ కోసం వరుసగా ఆదేశాలు వచ్చాయి. అందుకు ఎవరికీ అభ్యంతరం లేదు. తనిఖీకి వెళ్లినవారు రుచి చూసి రిజిస్టరులో సంతకం పెట్టారు. అయితే బియ్యం ఏ నెల నుంచి నిల్వ ఉన్నాయో, వంట చేసే పొదుపు సంఘం అక్కలకు బిల్లు ఎన్ని నెలలుగా రాలేదో, కిరాణా కొట్టులో అప్పు ఎంత పేరుకుందో, పప్పు ఎందుకు పలచనైందో అడిగి, ఆ బిల్లును వెంటపడి విడుదల చేయించగల తీరిక ఇన్‌చార్జి అధికారికి లేదు. వంట అక్కకు షోకాజ్ నోటీసు ఇవ్వడం అరగంట పని. ఆమె బిల్లు తెప్పించడం నెలల పని.

5. శిక్షణల విషయం. 1986 జాతీయ విద్యా విధానం దరిమిలా జిల్లా విద్యా శిక్షణ సంస్థలు (డైట్‌లు) వచ్చాయి. నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ డైట్‌లు ఉన్నాయి. వాటి పని ఛాత్రోపాధ్యాయులకు (టీచరు కావడానికి చదువుతున్నవారికి) పాఠం చెప్పడంతో అయిపోదు. పనిలో ఉన్న టీచర్లకు శిక్షణ ఇచ్చి, ఆ శిక్షణ తరగతి గదిలోకి చేరిందా అని వెళ్లి చూడటం కూడా వాటి బాధ్యతే. లెక్చరర్ల కుర్చీలు ఏళ్లుగా నిండక, డిప్యుటేషన్ల మీద బండి లాగుతున్న సంస్థ ఊరి బడికి ఎప్పుడు వస్తుంది? రాష్ట్ర స్థాయిలో నేర్చుకున్నవారు జిల్లాలో, జిల్లాలో నేర్చుకున్నవారు మండలంలో చెప్పే పద్ధతిలో, చివరి మెట్టుకు చేరేసరికి మిగిలేది స్లైడులు, హాజరు సంతకం, టీ బిస్కట్లు. ఏకోపాధ్యాయ పాఠశాల టీచరు శిక్షణకు వస్తే ఆ రోజుల్లో బడి మూత పడుతుంది లేదా పక్క బడి నుంచి ఒకరిని సర్దాలి. ఆ సర్దుబాటును కూడా ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో ఎంఈఓయే చేయాలి. శిక్షణ నాణ్యతను చూడటానికి వచ్చే పరిశీలకులు గదిలో ఎందరున్నారో లెక్కపెట్టుకుని వెళతారు. ఆ లెక్కపెట్టేవారిలో నేనూ చాలాసార్లు ఉన్నాను, నాకు ఇచ్చిన నమూనాలో అంతకుమించి అడగలేదు.

6. తల్లిదండ్రులకు ఎంఈఓ కార్యాలయమంటే తాళం వేసిన గది. పుట్టిన తేదీ సవరణ, బోనఫైడ్ పత్రం, పిల్లల టీసీ (బదిలీ పత్రం) మీద ధ్రువీకరణ సంతకం, ప్రైవేటు బడి ఫీజు కోసం టీసీ ఆపేసిందన్న ఫిర్యాదు, వీటిలో ఏ పని మీద వచ్చినా ‘సార్ బడిలో ఉన్నారు’ అన్న జవాబే వస్తుంది. బడికి వెళితే ‘సార్ మీటింగ్‌కు వెళ్లారు’ అంటారు. కూలి పని మానుకుని, ఆటో ఎక్కి వచ్చిన మనిషికి ఒక సంతకం కోసం రెండు మూడు రోజుల కూలి పోతుంది. మండల కేంద్రంలోని ప్రైవేటు బడుల గుర్తింపు, వాటి బస్సుల్లో ఎందరిని కుక్కుతున్నారు, బడిలోనే పుస్తకాలు అమ్ముతున్నారా అన్నది చూడటం కూడా ఈ అధికారి పనే. చూడకపోతే ఏమవుతుందో ప్రతి జూన్‌లో చూస్తూనే ఉన్నాము. సర్కారు బడిని చూసేవారు లేరని ఊరు నమ్మితే, అప్పు చేసైనా పిల్లలను వ్యాన్ ఎక్కిస్తారు. సంఖ్య తగ్గిందని ఆ బడికి టీచర్ను తగ్గిస్తారు, టీచర్ లేరని మిగిలిన పిల్లలూ వెళ్లిపోతారు. చివరికి మిగిలేది వ్యాన్ ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలు, అందులోనూ ఎక్కువగా ఆడపిల్లలు.

7. ఈ లోటు పూడ్చడానికని ఉపాధ్యాయులనే తనిఖీ బృందాలుగా వేయాలన్న ప్రతిపాదన ఇటీవల ముందుకు వచ్చింది. టీచర్లు చాలని చోట తరగతి గదిలోంచి మరొకరిని తీసి, పక్క బడిలో టీచరు ఉన్నాడా లేడా అని చూడమనడం ఏ విధమైన పొదుపో నాకు అర్థం కాలేదు. ఉపాధ్యాయుల హాజరు కోసమే అయితే 2025 ఆగస్టు 1 నుంచి ముఖ గుర్తింపు హాజరు అమల్లోకి వచ్చింది కదా. కెమెరా హాజరు చూడగలదు. ఆ పాప వేలు ఏ వరుస మీద ఉందో చూడటానికి మాత్రం మనిషి కావాలి. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర బోధనేతర పనులకు ఉపాధ్యాయులను వాడరాదంటుంది. 2024 నవంబరులో ఇంటింటి సర్వే కోసం ప్రాథమిక బడులను ఒంటిపూట నడిపిన అనుభవం ఇంకా మరచిపోకముందే మరో పని వారికి తగిలించవద్దని మనవి.

పై విషయాలను బట్టి మా విన్నపాలు ఇవి.

ఒకటి, సర్వీసు నిబంధనల వివాదం తేలేదాకా ఆగకుండా, ప్రతి మండలానికీ బోధన బాధ్యత లేని పూర్తికాలపు విద్యాధికారిని వెంటనే నియమించాలి. శాశ్వత నియామకానికి న్యాయపరమైన చిక్కు ఉంటే, రెండు యాజమాన్యాల సీనియారిటీకీ భంగం కలగని తాత్కాలిక పద్ధతిలోనైనా నియమించి, అలా వచ్చిన హెచ్‌ఎం స్థానంలో అతని బడికి మరో హెచ్‌ఎంను ఇవ్వాలి. డివిజన్ స్థాయిలో ఉప విద్యాధికారి పోస్టులకూ ఇదే వర్తింపజేయాలి. కొత్త మండలాలకు పోస్టులు మంజూరు చేయకుండా బాధ్యతలు మాత్రం పంచడం ఆపాలి.

రెండు, తనిఖీ నమూనాను మార్చాలి. ఒక బడికి వెళ్లిన రోజున కనీసం ఒక పూర్తి పీరియడ్ తరగతిలో కూర్చోవడం, కొందరు పిల్లలను విడిగా చదివించి రాయించి చూడటం, టీచరుతో మాట్లాడి లాగ్ బుక్కులో రాయడం, మరుసటి సందర్శనలో ఆ రాతను తెరిచి అక్కడినుంచే మొదలుపెట్టడం తప్పనిసరి చేయాలి. మరుగుదొడ్లు, యూనిఫాం, నిల్వల లెక్కలను సీఆర్పీల (క్లస్టర్ రిసోర్స్ పర్సన్ల) ద్వారా నెలకు ఒకేసారి, ఒకే యాప్‌లో తీసుకోవాలి. ఒకే అంకెను మూడు చోట్ల అడగరాదు. ఆ పని చేసే సీఆర్పీలకు జీతం నెలనెలా అందాలి.

మూడు, డైట్‌లలో ఖాళీలను భర్తీ చేసి, ప్రతి లెక్చరరుకూ కొన్ని మండలాలను అప్పగించి, శిక్షణ ముగిసిన తర్వాత టీచర్ల తరగతులకు వెళ్లే పనిని వారి విధుల్లో రాయాలి. ఏకోపాధ్యాయ పాఠశాలల టీచర్లకు బడి మూతపడని రోజుల్లోనే శిక్షణ పెట్టాలి.

నాలుగు, గట్టు, చందంపేట, అమ్రాబాద్, పదర వంటి మండలాల అధికారికి వాహనమో తగిన ప్రయాణ భత్యమో ఇవ్వాలి. వలస, సీడ్ పత్తి కాలాన్ని బట్టి సీజనల్ హాస్టళ్ల ప్రణాళికను మండల స్థాయిలోనే ఖరారు చేసే అధికారం ఇవ్వాలి. జిల్లా కేంద్రం నుంచి అనుమతి వచ్చేసరికి పిల్లలు పుణె చేరిపోతున్నారు.

అయిదు, వారంలో రెండు నిర్ణీత రోజులు ఎంఈఓ కార్యాలయం ప్రజల కోసం తెరిచి ఉండాలి. ఆ రోజుల్లో సమీక్షలు, వీడియో సమావేశాలు పెట్టరాదు.

వీటిలో డబ్బు పెద్దగా అక్కర్లేనివి రెండోది, అయిదోది. వాటిని ఈ విద్యా సంవత్సరంలోనే ఒక ఉత్తర్వుతో అమలు చేయవచ్చు. మిగతావాటికి ఎంత గడువు కావాలో మీరే చెప్పండి, కానీ రాతపూర్వకంగా చెప్పండి. ఆ జవాబు ప్రతిని ప్రతి బడి నోటీసు బోర్డు మీద పెట్టించండి, తల్లిదండ్రులు చదువుకుంటారు, చదవలేనివారికి వారి పిల్లల చేత చదివిస్తాము.

ఇట్లు,
విధేయుడు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, పూర్వ ఇన్‌చార్జి మండల విద్యాధికారి,
నల్లగొండ జిల్లా.